పేస్‌మేకర్ వల్లే గుండె నీరసిస్తే మందులా, మళ్లీ ఆపరేషనా?

కడప_పెద్దోడు: మా నాయనకు 71 ఏళ్లు. కంప్లీట్ హార్ట్ బ్లాక్ (గుండె పైగదుల కరెంటు కిందిగదులకు అందకపోవడం) అని తొమ్మిదేళ్ల కింద పేస్‌మేకర్ పెట్టించాం. అప్పుడు ఎకోలో ఈఎఫ్ (ఒక్కో కొట్టుడుకు గుండె ఎడమ కిందిగది బయటికి నెట్టే రక్తం శాతం) 60. మొన్న కాళ్ల వాపులు, పడుకుంటే ఆయాసం అంటే మళ్లీ తీయించాం, 30కి దిగింది. యాంజియోగ్రామ్‌లో రక్తనాళాల్లో బ్లాకులేం లేవు. ఇక్కడి డాక్టరు మూడు నెలలు మందులు వాడి చూద్దామన్నారు. తిరుపతిలో ఏమో, పేస్‌మేకర్ వల్లే ఇట్లయింది, గుండె రెండు పక్కలనూ ఒకేసారి కొట్టించే మూడు వైర్ల సీఆర్‌టీ పరికరానికి మార్చాలన్నారు. ఎవరి మాట వినాల?

అనంత_మాస్టారు: మందులే ముందు. డెబ్బై దాటిన మనిషికి పాత గాటు మళ్లీ తెరవడం ఆషామాషీ కాదు. మా వీధిలో ఒకాయనకు బ్యాటరీ మార్చినాక అక్కడ చీము పట్టి, వైర్లతో సహా మొత్తం తీసేశారు. ఇప్పుడు సాక్యుబిట్రిల్-వల్సార్టన్, డపాగ్లిఫ్లోజిన్ లాంటి మంచి మందులున్నాయి. తొందరేముంది?

క్యాథ్‌ల్యాబ్_కర్నూలు: మాస్టారూ, మందులు వద్దని ఎవరంటారు? కానీ అవి అసలు కారణం జోలికి పోవు. మామూలు పేస్‌మేకర్ వైరు ఎక్కువమందికి కుడి జఠరిక (గుండె కిందిగది) అడుగు కొసన ఉంటుంది. కరెంటు అక్కడ పుట్టి, కండరం గుండా మెల్లగా ఎడమకు పాకుతుంది. మధ్యగోడ ముందే ముడుచుకుంటుంది, పక్కగోడ ఆలస్యంగా. కాడికి కట్టిన ఎద్దులు చెరో సమయంలో లాగినట్టు. ఏళ్ల తరబడి ఇట్లా నడిస్తే కొందరికి ఎడమ జఠరిక సాగిపోతుంది, అందరికీ కాదు. పెద్దోడా, పేస్‌మేకర్ చెక్ చేసినప్పుడు ఛాతీ మీద చిన్న పరికరం ఆనించి ఒక కాగితం తీస్తారు. అందులో ‘వీపీ’, అంటే కిందిగది కొట్టుడులో పేస్‌మేకర్ కొట్టించేది ఎంత శాతముంది?

కడప_పెద్దోడు: 99 శాతం అన్నా. బ్యాటరీ ఏడాది పైన ఉందంట. సెట్టింగ్ మార్చి ఆ శాతం తగ్గించమను అంటున్నాడు మా బావ.

క్యాథ్‌ల్యాబ్_కర్నూలు: సొంతంగా కొంతైనా కొట్టుకునే గుండెకు ఆ ఉపాయం పనికొస్తుంది. కంప్లీట్ బ్లాక్‌లో పేసింగ్ తగ్గిస్తే మనిషి కళ్లు తిరిగి పడిపోతాడు. బావ మాట పక్కన పెట్టు. 2023లో బుడాపెస్ట్ అనే ట్రయల్ వచ్చింది. 360 మంది, ఈఎఫ్ 35 లోపు, పేసింగ్ 20 శాతం పైన. అందరూ మందుల మీదే ఉన్నారు. సీఆర్‌టీకి మార్చినవాళ్లు బాగా మెరుగు.

అనంత_మాస్టారు: నేనూ చదివా. చెడు ఫలితాలు మార్చనివాళ్లలో 79 శాతం, మార్చినవాళ్లలో 32 అని ఊదరగొట్టారు. ఎకోలో గుండె సైజు తగ్గకపోవడాన్ని కూడా ఆ లెక్కలో కలిపేశారు. మరణాలు విడిగా చూస్తే గట్టి తేడా ఏదీ తేలలేదు.

క్యాథ్‌ల్యాబ్_కర్నూలు: నిజమే. కానీ ఎకో లెక్క తీసేసినా, చావు గానీ హార్ట్ ఫెయిల్యూర్‌తో ఆస్పత్రి పాలవడం గానీ 32 నుంచి 10 శాతానికి పడింది. వాళ్ల సగటు వయసూ 73 దగ్గరే. దిండ్లకు ఆనుకుని కూర్చునే తెల్లవార్చే మనిషికి ఇది తక్కువా?

పుట్టపర్తి_దారి: మా చిన్నమ్మకు బెంగళూరులో లెఫ్ట్ బండిల్ పేసింగ్ చేశారు. వైరును మధ్యగోడలోకి దించి, గుండె సొంత కరెంటు దారినే పట్టిస్తారు. సీఆర్‌టీ కంటే ఖర్చు తగ్గిందన్నారు. అయితే ఏళ్ల తరబడి చూసిన పెద్ద ట్రయల్స్ దీనికి ఇంకా తక్కువే.

క్యాథ్‌ల్యాబ్_కర్నూలు: ఏది చేసినా ముందు వీనోగ్రామ్ (రంగుమందు ఎక్కించి సిరలు చూసే ఎక్స్‌రే) అడగండి. పాత వైరు ఉన్న సిర మూసుకుపోయి ఉంటే కొత్త వైరు పోదు. ఏ పరికరం ఎన్టీఆర్ వైద్య సేవలో (పాత ఆరోగ్యశ్రీలో) వస్తుందో ఆస్పత్రిలోని ఆ కౌంటర్‌లో ముందే కనుక్కో.

కడప_పెద్దోడు: సోమవారం మళ్లీ తిరుపతి పోతున్నాం. బ్యాటరీ ఉండంగా కోత ఎందుకురా అని నాయన ఒకటే గొడవ, అదే నా టెన్షన్.

అనంత_మాస్టారు: చక్కెర ఉంటే కోతకు ముందే అదుపులోకి తెప్పించు నాయనా, చీము భయం అక్కడే ఎక్కువ. మందులు మాత్రం డాక్టరు చెప్పకుండా ఒక్క పూట కూడా ఆపొద్దు. రోజూ పొద్దున్నే బరువు చూసి రాయించు. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే సోమవారం దాకా ఆగకు.