ఉగ్రవాదంపై పోరులో బలమైన దేశాలకు చట్టం వర్తించదా? తెలిసినవాళ్లు చెప్పండి

లా రెండో సంవత్సరం చదువుతున్నాను. ఒక విషయం ఎంత చదివినా తేలడం లేదు, కాస్త సాయం చేయండి.

2021 ఆగస్టు 29న కాబూల్‌లో అమెరికా డ్రోన్ ఒక తెల్ల టొయోటా కారును పేల్చేసింది. కారులో పెట్టినవి బాంబులనుకున్నారు, అవి నీళ్ల డబ్బాలు. పదిమంది పోయారు, వాళ్లలో ఏడుగురు పిల్లలు. మొదట సరైన దాడేనన్నారు, మూడు వారాలు తిరక్కుండానే పొరపాటని ఒప్పుకున్నారు. చివరికి ఎవరి మీదా చర్య లేదు. ఆ నీళ్ల డబ్బాలు నా మనసులోంచి పోవడం లేదు.

ఐక్యరాజ్యసమితి చార్టర్ 51వ అధికరణ సాయుధ దాడి జరిగితే ఆత్మరక్షణ హక్కును గుర్తిస్తుంది. మరి దాడి చేసింది దేశం కాకుండా ఒక ముఠా అయితే? అది తలదాచుకున్న దేశానికి దాన్ని ఆపే శక్తి లేదనో, ఇష్టం లేదనో అవతలి దేశమే తేల్చేసి లోపలికి వెళ్లొచ్చా?

మా బాబాయ్ 2008 ముంబయి దాడిని గుర్తుచేసి, "చట్టం చూసుకుంటూ కూర్చుంటే జనం చచ్చిపోతారురా" అంటాడు. ఆయన బాధ నాకు అర్థమవుతుంది. కానీ కసబ్‌కి కూడా మనం లాయర్ని ఇచ్చి, సుప్రీంకోర్టు దాకా విచారించాకే కదా శిక్ష వేశాం! అమెరికా సైనిక జైలు గ్వాంటనామోలో మాత్రం ఎంతోమందిని నేరారోపణే లేకుండా ఏళ్లకేళ్లు ఉంచారు.

అమెరికాపై నికరాగ్వా దేశం వేసిన కేసులో 1986 నాటి అంతర్జాతీయ న్యాయస్థానం తీర్పు మొదలుపెట్టాను. దాని తర్వాత ఏవి చదవాలి? ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో వీటో (తీర్మానాన్ని అడ్డుకునే హక్కు) ఉన్న దేశమే తప్పు చేస్తే బాధితులు ఎవరి దగ్గరికి వెళ్లాలి? తెలుగులో దీనిమీద మంచి పుస్తకం ఉంటే అదీ చెప్పండి, బాబాయ్‌కి ఇస్తాను.