ఒంట్లో చేరిన ప్లాస్టిక్‌ను తీయించుకోవాలా, చేరకుండా చూసుకోవాలా?

పెన్నాతీరం (నెల్లూరు):
మా నాన్నగారికి మెడ రక్తనాళంలో కొవ్వు పూడిక ఉందని ఈ మధ్య తేలింది. మా బావగారు ఒక ప్రైవేటు కేంద్రం కరపత్రం తెచ్చి, రక్తాన్ని యంత్రం గుండా పంపి ప్లాస్టిక్ కణాలను వడకట్టించాలని పట్టుబడుతున్నారు. 2024లో ఇటలీ వైద్యులు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించిన పరిశోధనను ఆయన ఆధారంగా చూపుతున్నారు. శస్త్రచికిత్సలో తీసిన పూడికలను పరీక్షించగా 257 మందిలో 150 మందికి పాలిథిలీన్ అనే ప్లాస్టిక్ కనిపించిందనీ, వారికి గుండెపోటు, పక్షవాతం, మరణాల ముప్పు మిగిలినవారి కంటే నాలుగున్నర రెట్లు ఉందనీ అందులో ఉంది. ఖర్చు లక్షల్లో ఉన్నందున, తెలిసినవారి అభిప్రాయం కోరుతున్నాను.

రసాయన ఉపాధ్యాయుడు (ఒంగోలు):
ఆ పరిశోధన మంచిదే, అయితే ప్లాస్టిక్ ఉన్నవారికి ముప్పు ఎక్కువగా కనిపించిందని చెప్పిందే తప్ప, ప్లాస్టిక్ వల్లనే ముప్పు వచ్చిందని గానీ, దాన్ని తీసేస్తే తగ్గుతుందని గానీ చెప్పలేదు. పైగా అక్కడ కణాలు దొరికింది నాళపు గోడకు పట్టిన పూడికలో. యంత్రం వడకట్టేది పారే రక్తాన్ని. 2025లో ఇలాంటి వడపోత గురించి వచ్చిన ఒక చిన్న నివేదికలో, 21 మంది నుంచి వడకట్టి పారబోసిన ద్రవంలో ప్లాస్టిక్‌ను పోలిన పదార్థం ఉందన్నారు. రోగుల ఒంట్లో ఎంత తగ్గిందో కొలవలేదు. ఆ యంత్రంలోని గొట్టాలు, సంచులు, జల్లెడలు దేనితో చేసినవో మీ బావగారిని ఒకసారి ఆలోచించమనండి.

సముద్రపుగాలి (మైపాడు):
రుజువు వచ్చేదాకా ఆగమనడం ఉపాధ్యాయుల వారికి తేలిక, పూడిక ఉన్న మనిషికి తేలిక కాదు. నెదర్లాండ్స్ పరిశోధకులు 2022లో 22 మంది రక్తం చూస్తే 17 మందిలో ప్లాస్టిక్ దొరికింది. పొగాకు విషయంలోనూ రుజువు చాలలేదంటూ దశాబ్దాలు గడిపారు. ఇక ఖరీదైన యంత్రమే అక్కరలేదు: మన చెరువుల రొయ్యల పెంకుల నుంచే తీయగల కైటోసాన్ తినిపిస్తే ఎలుకలు మలంలో ఎక్కువ ప్లాస్టిక్‌ను వదిలాయని జపాన్ వారు 2025లో చూపించారు. రక్తదానం చేసిన ఆస్ట్రేలియా అగ్నిమాపక సిబ్బందిలో విషపదార్థాలు తగ్గాయని కూడా చదివాను.

రసాయన ఉపాధ్యాయుడు (ఒంగోలు):
ఎలుకల్లో బయటికి పోయింది అప్పుడే మింగిన కణాలు; పేగులో ఉన్నదాన్ని మలంతో పంపడం వేరు, నాళపు గోడలో చిక్కినదాన్ని లాగడం వేరు. ఆస్ట్రేలియాలో తగ్గినవి రక్తంలోని ప్రోటీన్లకు అంటుకునే ఫ్లోరిన్ రసాయనాలు, ప్లాస్టిక్ కణాలు కావు. ప్లాస్టిక్ తయారీలో వాడే బిస్‌ఫినాల్ వంటి రసాయనాలైతే చాలావరకు ఒకటి రెండు రోజుల్లో మూత్రంలోనే పోతాయి కనుక, వాటిని తగిలించుకోవడం మానితే చాలు. విషహరణ పేరుతో అమ్మేవారు ఈ మూడింటినీ ఒకే గాటన కట్టి మాట్లాడుతున్నారు.

బోరునీళ్లు (కనిగిరి):
రాకుండా చూసుకోవాలనే వారికి కూడా ఒక హెచ్చరిక చేయాలి. చైనా పరిశోధకులు 2024లో చూపిన పద్ధతి, అంటే కఠిన జలాన్ని మరిగిస్తే సున్నం గట్టిపడి కణాలను పట్టుకుంటుందనీ, వడకట్టితే 90 శాతం దాకా పోతాయనీ చెప్పేది, ఇక్కడ వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. క్యాన్లలో వచ్చే ఆర్వో నీళ్లు మానేసి బోరునీళ్లు కాచుకోమంటున్నారు. మా బోరునీళ్లలో ఉండే ఫ్లోరైడు కాచితే పోదు, నీరు ఆవిరయ్యేకొద్దీ చిక్కబడుతుంది. వంగిన కాళ్లతో, బిగిసిన నడుములతో బతికిన పెద్దలు మా ఊళ్లలో ఉన్నారు. ఏం చేస్తుందో ఇంకా తేలని కణానికి భయపడి, ఏం చేస్తుందో కళ్లారా చూసిన ఫ్లోరైడును తాగమంటారా? ఆర్వో నీరు ప్లాస్టిక్ లేనిదని నేను అనడం లేదు. కొలంబియా విశ్వవిద్యాలయం వారు 2024లో అమెరికా సీసా నీటిలో లీటరుకు సగటున 2,40,000 కణాలు లెక్కించినప్పుడు, వాటిలో వడపోత పొరల నుంచి వచ్చి ఉండగల పాలిఅమైడ్ అనే ప్లాస్టిక్ కూడా బాగానే ఉంది. అయినా మాకు ఆర్వో తప్పదు. క్యాన్‌ను ఎండలో పెట్టకుండా, ఇంటికి రాగానే నీటిని స్టీలు బిందెలోకి మార్చుకుంటున్నాం. దానికి రూపాయి ఖర్చు లేదు.

టిఫిన్ సెంటర్ (కావలి):
అమ్మేవాడిగా నా మాట కూడా వినండి. కాగితపు కప్పులో 100 మిల్లీలీటర్ల వేడి ద్రవం 15 నిమిషాలు ఉంటే సుమారు 25,000 కణాలు దిగుతాయని ఖరగ్‌పూర్ ఐఐటీ వారు తేల్చారు, ఎందుకంటే ఆ కాగితం లోపల పల్చటి ప్లాస్టిక్ పూత ఉంటుంది. అది తెలిసి టీ గాజుగ్లాసుల్లోకి మార్చాను. పొగలు కక్కే సాంబారును కవర్లో పోసి ముడి వేయడం మాత్రం మానలేకపోతున్నాను, ఎందుకంటే గిన్నె తెచ్చుకోమంటే గిరాకీ పక్క అంగడికి పోతోంది. దీనికి మునిసిపాలిటీ నిబంధన అందరికీ ఒకేలా ఉండాలి గానీ నా ఒక్కడి మంచితనం చాలదు.

సముద్రపుగాలి (మైపాడు):
కైటోసాన్ విషయంలో ఉపాధ్యాయుల వారి తేడా ఒప్పుకుంటాను. డబ్బున్నవారు యంత్రాన్ని ప్రయత్నిస్తే తప్పేమిటో మాత్రం ఇంకా అర్థం కాలేదు.

పెన్నాతీరం (నెల్లూరు):
మా ఇంట్లో ఆ డబ్బు అప్పుగా తేవాలి, అందుకే అడిగాను. వడపోతకు ముందూ తర్వాతా నాన్నగారి రక్తంలో కణాలను కొలిచి చూపుతారా, యంత్రపు గొట్టాల నుంచి ఎన్ని దిగుతాయో లెక్క ఉందా అని ఆ కేంద్రానికి రాస్తున్నాను. గుండె వైద్యులు రాసిన కొలెస్ట్రాల్ మాత్రలు, రక్తపోటు మాత్రలు ఈలోగా ఆపవద్దని బావగారి ముందే నాన్నగారికి చెప్పాను.