అప్‌డేట్: క్లచ్ జారడానికి కారణం దొరికింది

నాలుగో గేర్‌లో ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ అరుస్తోంది గానీ బండి లాగట్లేదు, కాలిన వాసన వస్తోంది అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. క్లచ్ డిస్క్ అరిగిందనే చాలామంది అన్నారు.

క్లచ్ పెడల్ ఫ్రీ ప్లే (క్లచ్ పనిచేయడం మొదలయ్యేలోపు పెడల్ ఖాళీగా కదిలే దూరం) సరిచేయించినా తేడా లేదు. గేర్‌బాక్స్ దించి చూస్తే డిస్క్ మీది లైనింగ్ (రాపిడితో పట్టు ఇచ్చే పొర) మందంగానే ఉంది, కానీ నల్లగా, గాజులా మెరుస్తోంది. వేలు పెడితే జిడ్డు. క్రాంక్‌షాఫ్ట్ (ఇంజిన్ ప్రధాన ఇరుసు) వెనక ఆయిల్ సీల్ కారుతోందట! ఇంజిన్‌తో తిరిగే ఫ్లైవీల్ చక్రానికీ, డిస్క్‌ను దానికి నొక్కిపట్టే ప్రెషర్ ప్లేట్‌కీ మధ్య డిస్క్ గట్టిగా పట్టుకుంటేనే ఇంజిన్ శక్తి గేర్‌బాక్స్‌కు చేరుతుంది. ఆయిల్ పడితే జారుతుంది, ఆ వేడికి లైనింగ్ కాలుతుంది.

సీల్, డిస్క్, ప్రెషర్ ప్లేట్, ఎలాగూ విప్పారు కాబట్టి రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కినప్పుడు ప్రెషర్ ప్లేట్ పట్టు వదిలించేది) కూడా మార్పించాను. డిస్క్ ఒక్కటే మార్చి ఉంటే మళ్లీ ఇదే కథ. నిన్న అదే ఎత్తు సులువుగా ఎక్కింది. మారిన పెడల్ తీరు అలవాటు లేక రెండుసార్లు ఇంజిన్ ఆపేశాను, అది వేరే సంగతి.