ఫోర్‌వీల్ లీవర్ నిలబడట్లేదు, తెలిసినవాళ్లు చెప్పండన్నా

మాది హన్మకొండ. మా బాపు పరకాల దిక్కు పొలానికి తిప్పిన మహీంద్రా ఎంఎం 540 జీపు పదేళ్లుగా రేకుల షెడ్డులో పడి ఉంది. ఈ ఎండాకాలం ఇంట్లోనే విప్పుడు మొదలుపెట్టిన. పెజో డీజిల్ ఇంజిన్ గట్టిదే. ట్యాంకు కడిగి, ఫిల్టర్లు మార్చి, లైన్ల గాలి తీసేసరికి రెండో సెల్ఫ్‌కే అందుకుంది. పొగకు వాడకట్టంతా ఉరికొచ్చిన్రు, అది వేరే ముచ్చట.

అసలు బాధ ట్రాన్స్‌ఫర్ కేస్‌తోటి, అంటే ఇంజిన్ బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంచే గేర్ల డబ్బాతోటి. ఫోర్‌వీల్ వేసి బురదలో ఎక్సలేటర్ తొక్కంగనే లీవర్ దానంతటదే టూవీల్‌కు జారిపోతుంది. తారు రోడ్డు మీద వేసి చూడలేదు. ముందు, వెనక చక్రాలను వేర్వేరు వేగంతో తిరగనిచ్చే నడుమ డిఫరెన్షియల్ లేని బండి, గట్టి నేల మీద బిగుసుకుంటది. ఆయిల్ మార్చిన, 90 గ్రేడే పోసిన. ఒక మేస్త్రి మొత్తం దించాలంటున్నడు. ఇంకొకాయన లీవర్‌ను వేసిన కాడనే పట్టి ఉంచే రాడ్ల కాడి స్ప్రింగులు, గుండ్లు అరిగినయంటున్నడు. నాకైతే రెండో మాటే నమ్మబుద్ధి అవుతుంది, ఖర్చు తక్కువనేమో!

ఇట్లా అయినవాళ్లు ముందు ఏం చూసిన్రు? గుండ్లు, స్ప్రింగులు బండి కిందనే పండుకొని మార్చొచ్చా? లోపల గేరును జరిపే ఫోర్కు అరిగిందో లేదో కేస్ దించకుండ తెలుసుకునే ఉపాయముందా? వరంగల్‌లో పాత జీపు సామాను ఎక్కడ దొరుకుతదో కూడా చెప్పండి.