వాచ్ చెప్పే నిద్ర స్కోరును నమ్మొచ్చా? నాకైతే ఉన్న నిద్ర కూడా పోతోంది

గుడ్లగూబ_కొండాపూర్:
ముందు నా సంగతి చెప్తాను, తర్వాత తిట్టండి. నాది అమెరికా షిఫ్ట్, సాయంత్రం ఆరున్నరకి మొదలై తెల్లవారుజాము మూడున్నరకి అయిపోతుంది, క్యాబ్‌లో ఇంటికొచ్చి పడుకునేసరికి నాలుగున్నర. మూడేళ్లుగా ఇదే బతుకు. ఈమధ్య పెళ్లిరోజుకి మా ఆవిడ స్మార్ట్ వాచ్ కొనిచ్చింది, నిద్ర కూడా లెక్కేస్తుందట. మొదటి వారం సరదాగానే ఉంది. ఇప్పుడు కళ్లు నులుముకోకముందే ఫోన్ తీసి స్కోరు చూస్తున్నా. మొన్న గురువారం పగలు పన్నెండున్నరకి లేచాను, ఒళ్లు తేలిగ్గా ఉంది, చాన్నాళ్లకి హాయిగా పడుకున్నాననిపించింది. ఫోన్ చూస్తే స్కోరు 58, డీప్ స్లీప్ 31 నిమిషాలు. అంతే, కాఫీ తాగేలోపే నీరసం వచ్చేసింది. ఒట్టు, నిజంగానే వచ్చింది. పడుకోబోయే ముందు కూడా ఇవాళైనా 80 దాటాలి అని టెన్షన్. పక్కకి తిరిగితే స్కోరు తగ్గుతుందేమోనని బిగుసుకుని పడుకున్న రోజు కూడా ఉంది (నవ్వకండి). ఇరవై వేలు పోసి కొన్నది మూలన పడేస్తావా అంటుంది మా ఆవిడ. ఉంచాలా, తీసేయాలా?

పెన్నా_ఒడ్డు:
తీసెయ్ బ్రో. ఇలాంటి బ్యాండ్లకే రెండేళ్లు ఫర్మ్‌వేర్, అంటే లోపల నడిచే సాఫ్ట్‌వేర్ రాశాను, కంపెనీ పేరు అడక్కు. దాని దగ్గర ఉన్నవి ముఖ్యంగా రెండు. ఒకటి చెయ్యి కదిలిందో లేదో చెప్పే యాక్సిలరోమీటర్. రెండోది చర్మం లోపలికి పచ్చలైటు వేసి, నాడి కొట్టినప్పుడల్లా తిరిగొచ్చే వెలుతురులో తేడా చూసి గుండె వేగం లెక్కకట్టే సెన్సర్. రాత్రి దుప్పట్లో చెయ్యి పెట్టి చూడు, మిణుగురులా మెరుస్తూ ఉంటుంది. ఈ రెండిటినీ చూసి లోపల ఒక మోడల్ ఇది డీప్ (గాఢనిద్ర), ఇది రెమ్ (ఎక్కువగా కలలొచ్చే నిద్ర) అని ఊహిస్తుంది. నిద్ర దశలనేవి మెదడు తరంగాలు, కళ్ల కదలికలు, కండరాల బిగువు చూసి పెట్టిన పేర్లు. 1953లో షికాగోలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ రెమ్ నిద్ర సంగతి బయటపెట్టింది నిద్రలో కనుగుడ్లు తిరగడం చూసి, మణికట్టు చూసి కాదు. మణికట్టు వాచ్‌లకి ఉన్న పాత జబ్బు ఏంటంటే, నిద్రపోతే నిద్రపోయావని బాగానే చెప్తాయి, మెలకువగా కదలకుండా పడుకున్నా నిద్రే అనేస్తాయి. ఇంతకీ నువ్వు బిగుసుకుని పడుకున్న రోజు స్కోరు ఎంత?

గుడ్లగూబ_కొండాపూర్:
77 అన్నా. ఆ రోజు ఫ్యాన్ చూస్తూ ఎంత లేదన్నా రెండు గంటలు మెలకువగానే ఉన్నా.

ఫ్రిస్కో_అక్క:
నేను మాత్రం ఉంచమనే అంటా. మూడేళ్లుగా నిద్ర లెక్కేసే రింగ్ పెట్టుకుంటున్నా, ఇక్కడ టెక్సాస్‌లో మా తెలుగువాళ్లలో సగంమంది చేతికి ఇదే. డీప్ నిమిషాలు నేను అసలు చూడను. చూసేదల్లా ఎన్నింటికి పడుకున్నాను, రాత్రి పల్స్ ఎంతకి దిగింది, అంతే. పదకొండుకల్లా పడుకుంటున్నాననే భ్రమలో ఉండేదాన్ని, నెల రోజుల గ్రాఫ్ తీసి చూస్తే పన్నెండు నలభై. వంటిల్లు సర్ది ఇండియాకి ఫోన్ చేసి అమ్మతో కబుర్లు మొదలెడితే టైమ్ ఎటుపోతుందో తెలీదు కదా. రాత్రి తొమ్మిదిన్నరకి బిర్యానీ తిన్న రోజు పల్స్ తెల్లారేదాకా దిగదు, శనివారం పార్టీలో రెండు గ్లాసులు వైన్ పడితే మామూలుగా 58 ఉండేది 67 దగ్గర తచ్చాడుతుంది. ఈ మాట మా ఆయన చెప్తే వినలేదు, గీత చూశాక విన్నా. తూకం మెషీన్ ఎక్కి ఏడ్చేవాళ్లు ఉన్నారని తప్పు మెషీన్‌ది అంటామా?

పెన్నా_ఒడ్డు:
అక్కా, తూకం మెషీన్‌ది వేరే సంగతి, అది బరువే తూస్తుంది. ఇది చూడనిదాన్ని చూసినట్టు చెప్తుంది, అదీ ముప్పై కాదు ముప్పై రెండు కాదు, ఖచ్చితంగా 31 నిమిషాలు అని. పడుకున్న టైమ్, పల్స్ వరకైతే నీతో ఒప్పుకుంటా. కానీ యాప్ తెరవగానే పెద్దక్షరాల్లో కనిపించేవి ఆ రెండా? కాదు, స్కోరు. మా ఆఫీసులో ఒక అప్‌డేట్‌లో స్కోరు కట్టే లెక్క కొంచెం మార్చాం, మర్నాటి నుంచి వాడేవాళ్లందరి నిద్రా బాగుపడిపోయింది! థాంక్యూ మెసేజ్‌లు కూడా వచ్చాయి.

గుడ్లగూబా, నీ నీరసం నటన కాదని నేనూ నమ్ముతున్నా. 2014లో అమెరికాలో కాలేజీ పిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. ఉత్తుత్తి మెషీన్ ఒకటి తగిలించి, నీకు రాత్రి రెమ్ బాగా వచ్చింది అని కొందరికి, తక్కువొచ్చింది అని కొందరికి నోటికొచ్చిన అంకె చెప్పారు. బాగా పడుకున్నావు అని చెప్పినవాళ్లు తర్వాత పెట్టిన పరీక్షల్లో మెరుగ్గా చేశారు, తక్కువ అని చెప్పినవాళ్లు వెనకబడ్డారు. నువ్వు కాఫీ ముందు కూర్చుని చేసుకున్నదీ అదే ప్రయోగం, కాకపోతే డబ్బులిచ్చి మరీ చేయించుకున్నావు.

నులకమంచం:
మా తాత ఏ వాచీ లేకుండా ఎనభై ఎనిమిదేళ్లు బతికాడు. ఏడింటికి అన్నం తిని ఎనిమిదింటికి అరుగు మీద పడుకుంటే కోడి కూసేదాకా ఉలుకూ పలుకూ లేదు. పెరుగన్నం తిని ఫోన్ అవతల పారేసి పడుకోండి, అన్నీ అవే సర్దుకుంటాయి.

ఫ్రిస్కో_అక్క:
మీ తాతగారికి తెల్లారి మూడున్నరకి క్యాబ్ రాలేదండీ.

సిద్దిపేట_పంతులు:
తీసెయ్ తీసెయ్ అంటున్నవాళ్లు నా కథ కూడా వినండి. నాకు 51. బళ్లో లెక్కలు చెప్తాను. గురక ఎంతంటే మా ఇంటావిడ పక్కగదిలోకి మారి ఆరేళ్లయింది, బంధువుల ఇంట్లో పెళ్లికి వెళ్తే నా పక్కన పడుకోవడానికి ఎవరూ ఒప్పుకోరు. అందరం నవ్వుకునేవాళ్లం. మధ్యాహ్నం పిల్లలకి లెక్క ఇచ్చి కుర్చీలో కూర్చుంటే చాలు కన్ను మూతపడేది, ఒకసారి బండి మీద సిగ్నల్ దగ్గర కూడా. మావాడు హైదరాబాద్ నుంచి వచ్చినప్పుడు ఫోన్‌లో గురక రికార్డు చేసే యాప్ ఏదో వేసి నా తలగడ పక్కన పెట్టాడు. పొద్దున అందరం కూర్చుని విన్నాం. గురక, గురక, ఇంకా పెద్ద గురక, తర్వాత ఏమీ లేదు. ఆ ఏమీ లేనిది నేనే గోడగడియారం చూసి లెక్కపెట్టాను, 24 సెకన్లు. తర్వాత నీళ్లలో మునిగి పైకి తేలినవాడిలా ఒక్కసారి ఊపిరి. మా ఇంటావిడ లేచి లోపలికి వెళ్లిపోయింది. ఆరేళ్లు పక్కగదిలో ఉన్న మనిషి, గురక ఆగినప్పుడు హమ్మయ్య అనుకుని నిద్రపోయేదట.

స్లీప్ స్టడీ చేయిస్తే గంటకి 34 సార్లు ఊపిరికి అడ్డం పడుతోందని తేలింది. 5 లోపు ఉంటే మామూలు, 30 దాటితే తీవ్రం అన్నారు డాక్టరు. ఇప్పుడు గొంతు మూసుకుపోకుండా మాస్కులోంచి గాలి వత్తిడితో పంపే సీప్యాప్ మెషీన్ పెట్టుకుని పడుకుంటున్నాను, మొదటి పది రోజులు మూతికి తొండం తగిలించినట్టు ఉండేది, ఇప్పుడు అది లేకపోతే పట్టదు. ఆ యాప్ లేకపోతే నేను డాక్టరు దగ్గరికి వెళ్లేవాణ్ని కాదు. ఇక స్కోర్లూ గీర్లూ మీ ఇష్టం.

ల్యాబ్‌లో_రాత్రులు:
పంతులుగారూ, మీరు చేయించుకున్న స్టడీల దగ్గర రాత్రంతా కూర్చునేది నాలాంటివాళ్లమే. టెక్నీషియన్‌గా తొమ్మిదేళ్లు. మీలా యాప్ రికార్డింగ్ పట్టుకుని వచ్చేవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు, అది మంచికే. 2024లో అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ, ఫిబ్రవరిలో శాంసంగ్‌కి, సెప్టెంబర్‌లో యాపిల్‌కి, స్లీప్ ఆప్నియా (మీకున్నట్టు నిద్రలో ఊపిరికి అడ్డం పడే జబ్బు) అనుమానం ఉంటే వాచ్‌లో చెప్పే ఫీచర్‌కి అనుమతి ఇచ్చింది. అవి పట్టాలని చూసేది ఓ మోస్తరు నుంచి తీవ్రంగా ఉన్నవాటినే, వాచ్ ఏమీ అనలేదు కాబట్టి నాకేం లేదు అనుకోవద్దు. వాచ్‌లో ఆక్సిజన్ అంకె చూసి రాత్రి రెండింటికి ఫోన్ చేసేవాళ్లకి ఒక మాట: చెయ్యి కింద పడి నలిగినా, పట్టీ వదులుగా ఉన్నా ఆ అంకె పడిపోతుంది. 2020లో అమెరికాలో వచ్చిన పరిశీలనలో, ఆసుపత్రిలో వేలికి పెట్టే క్లిప్పే నల్లజాతి రోగుల్లో తగ్గిన ఆక్సిజన్‌ని తెల్లవాళ్లతో పోలిస్తే దాదాపు మూడింతలు ఎక్కువసార్లు పట్టుకోలేకపోయింది. మన ఒంటి రంగులకి మణికట్టు వాచ్ ఎంత సరిగ్గా చెప్తుందో ఆలోచించుకోండి.

మా దగ్గర ఎలా ఉంటుందంటే, ముందే చెప్తాం తలకి నూనె రాసుకుని రావద్దని. అయినా పదిమందిలో నలుగురు జుట్టు నిండా కొబ్బరినూనెతో వస్తారు, పేస్ట్ అంటదు, మళ్లీ తల తుడవాలి. తలకి, కళ్ల పక్కన, గడ్డానికి, కాళ్లకి తీగలు, ఛాతీకి, పొట్టకి పట్టీలు, ముక్కు దగ్గర గాలి చూసే గొట్టం. ఇంత పెట్టాక కూడా రికార్డింగ్‌లో ఒకే ముక్కని ఇది రెమ్మా కాదా అని మేమిద్దరం టెక్నీషియన్లం వాదించుకున్న రోజులున్నాయి. అది ఒక్క చేతివాచ్ తేల్చేస్తుందంటే నవ్వొస్తుంది. నా నిద్ర పొద్దున తొమ్మిది నుంచి మూడు, నా వాచ్ దాన్ని రోజూ కునుకు కింద రాస్తుంది. ఆరు గంటల కునుకు!

గుడ్లగూబగారూ, మీలాంటి టెన్షన్‌కి 2017లోనే ఒక పేరు పెట్టారు, ఆర్థోసోమ్నియా. డాక్టర్లు రాసిన ఆ కేసుల్లో ఒకావిడకి ల్యాబ్‌లో పరీక్ష చేసి బాగానే నిద్రపోయారమ్మా అంటే, మరి నా బ్యాండ్ ఎందుకు బాలేదంటోంది అని అడిగిందట. నిద్రపట్టనివాళ్లకి మందులకంటే ముందు సీబీటీ-ఐ అనే, నిద్ర గురించిన ఆలోచనలూ అలవాట్లూ మార్చే పద్ధతి చెయ్యమని 2016 నుంచి అమెరికా ఫిజీషియన్ల సంఘం చెప్తోంది. అందులో మొదటి పని కాగితం మీద డైరీ. ఎన్నింటికి పడుకున్నాను, పట్టడానికి ఎంతసేపు పట్టింది, ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, ఎందుకు. గడియారం చూడకుండా, సుమారుగా. వాచ్ పక్కన పెట్టి రెండు వారాలు రాయండి. అప్పటికీ పట్టకపోతే డాక్టర్‌కి చూపించండి.

నులకమంచం:
కాగితమే కదా, మా తాత కూడా ఒప్పుకునేవాడు.

గుడ్లగూబ_కొండాపూర్:
రెండు వారాలన్నారు, మూడు వారాలు రాశాను. టెక్నీషియన్‌గారికి దండాలు. డైరీలో 'ఎందుకు' అన్న గడిలో పదమూడు రోజులు ఒకటే రాసుంది: బెల్. పాలబ్బాయి ఆరుంపావుకి బెల్ కొడతాడు. మా ఆవిడ లేచి తీసుకుని మళ్లీ పడుకుంటుంది, నేను అటూ ఇటూ దొర్లి ఏడున్నరకి మళ్లీ పడతాను. మూడేళ్లుగా ఇంతే, ఒక్కసారి కూడా నాకు తట్టలేదు. తర్వాత అనుమానం వచ్చి వాచ్‌లో పాత రోజులు తీసి చూశాను. రోజూ ఆరుంపావు దగ్గర నారింజ రంగు గీత ఉంది, మెలకువ అని. నేనెప్పుడూ స్కోరు చూసి మూసేయడమే, కిందికి జరిపితే కదా.

ఫ్రిస్కో_అక్క:
చూశావా! నేనేమన్నా? రింగ్ కానీ వాచ్ కానీ, చెప్పాల్సింది చెప్పింది.

పెన్నా_ఒడ్డు:
అక్కా, గీత మెలకువ అని చెప్పింది, పాలబ్బాయి అని చెప్పలేదు. అది రాసింది కాగితం.

ఫ్రిస్కో_అక్క:
ఒప్పుకోవుగా తమ్ముడూ నువ్వు.

గుడ్లగూబ_కొండాపూర్:
మీరిద్దరూ తేల్చుకోండి. తలుపుకి సంచి తగిలించాం, పాకెట్లు అందులో వేసి వెళ్తున్నాడు. వాచ్ ఛార్జింగ్ అయిపోయి నాలుగు రోజులైంది, మా ఆవిడ ఇంకా చూడలేదు.