రైఫిల్‌కి కొత్త ట్రిగ్గర్ వేశాక బోల్ట్ మూస్తే దానంతట అదే క్లిక్‌మంటోంది. ఎవరైనా చెప్పండి ప్లీజ్

కేటీ_కుర్రాడు: పొద్దున్నుంచీ గ్యారేజ్‌లోనే ఉన్నా. కొత్త ట్రిగ్గర్ కొని వీడియోలో చూపించినట్టే బిగించా. బోల్ట్ (తూటాని లోపలికి తోసి మూసే కడ్డీ) కాస్త విసురుగా మూస్తే చాలు, నేను ట్రిగ్గర్ ముట్టుకోకుండానే తూటాని పేల్చే పిన్ పడిపోతోంది. ట్రిగ్గర్ ఎంత బలంగా నొక్కాలో మార్చే వెయిట్ స్క్రూ బిగించి చూశా, వదులు చేసి చూశా, అదే కథ. శనివారం ఫ్రెండ్ వాళ్ల ర్యాంచ్‌లో పందుల వేటకి వెళ్లాలి. పెట్టిన డబ్బు బూడిదలో పోసిన పన్నీరేనా?

పాతకాపు: ఏ రైఫిల్? ఏ స్టాక్, అదే భుజానికి ఆనించే భాగం? తూటాలు ముందు వేరే గదిలో పెట్టు.

రూల్స్_రావు: అసలు మీ వీసా ఏమిటండీ? హెచ్-1బి వాళ్లు తుపాకి దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ నేరం. హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపు ఉంటేనే కుదురుతుంది. టెక్సాస్‌లో 2019 నుంచి ప్రైవేట్ భూమిలో పందులకి లైసెన్స్ అక్కర్లేదని మనవాళ్లు కొనడం మానేస్తున్నారు. వీసా మీద ఉన్నవాళ్లని కాపాడేది ఆ లైసెన్సే! ఎవరికీ పట్టదు.

కేటీ_కుర్రాడు: గ్రీన్ కార్డ్ ఉందండీ. నేనడిగింది అది కాదు. రెమింగ్టన్ 700, సెకండ్ హ్యాండ్, చెక్క స్టాక్. పాత ట్రిగ్గర్ మంచిది కాదని అందరూ అంటే మార్చా.

హిల్‌కంట్రీ_బాబాయ్: మార్చడం మంచి పనే. రెమింగ్టన్ వాళ్ల పాత వాకర్ ట్రిగ్గర్‌లో కనెక్టర్ అని ఓ చిన్న రేకు ట్రిగ్గర్‌కి అతుక్కోకుండా విడిగా ఉంటుంది. ఆ సందులో చెత్త చేరితే పిన్‌ని పడకుండా ఆపే సియర్‌కి పట్టు తగ్గుతుంది. 2014లో రీకాల్ అయింది మాత్రం అది కాదు, వాళ్లదే తర్వాత వచ్చిన ఎక్స్‌మార్క్ ప్రో ట్రిగ్గర్. అందరూ రెండిటినీ కలిపేస్తారు. నేనైతే ట్రిగ్గర్‌టెక్ కంపెనీది వేసేవాణ్ణి. సియర్‌కీ ట్రిగ్గర్‌కీ మధ్య రోలర్ ఉంటుంది, క్రీప్ ఉండదు.

షూటర్_శీను: వెయిట్ తగ్గిస్తే క్రీప్ అదే పోతుంది కదా బాబాయ్, రోలర్ ఎందుకు?

హిల్‌కంట్రీ_బాబాయ్: పోదు. వెయిట్ అంటే స్ప్రింగ్ బలం. క్రీప్ అంటే సియర్ వదిలేలోపు ట్రిగ్గర్ నడిచే దూరం. వదిలాక నడిచేది ఓవర్‌ట్రావెల్. మూడూ వేరు.

షూటర్_శీను: మా రేంజ్‌లో అన్నిటినీ క్రీప్ అనే అంటారు.

పాతకాపు: రేంజ్ మార్చు.

పాతకాపు: కేటీ, సీల్ వేసిన సియర్ స్క్రూ కదిపావా? స్టాక్‌లో పెట్టకముందు పనిచేసిందా?

కేటీ_కుర్రాడు: దాన్ని ముట్టుకోలేదు. స్టాక్ బయట ఎంత గట్టిగా మూసినా బాగానే ఉంది. అది వేరే విషయం అనుకున్నా.

పాతకాపు: అదే విషయం.

హిల్‌కంట్రీ_బాబాయ్: అయితే ట్రిగ్గర్ బాడీ ఎక్కడో చెక్కకి ఆనుతోంది తమ్ముడూ. తుపాకిని స్టాక్‌కి పట్టి ఉంచే యాక్షన్ స్క్రూలు బిగించగానే నొక్కుకుని, ట్రిగ్గర్ పూర్తిగా ముందుకి రావడం లేదు. బాడీకి, సేఫ్టీ లివర్ పక్కన పల్చగా లిప్‌స్టిక్ పూసి, స్టాక్‌లో బిగించి విప్పు. రంగు అంటుకున్న చోట సన్నటి కర్రకి శాండ్‌పేపర్ చుట్టి కొంచెం కొంచెంగా రుద్దు. ట్రిగ్గర్‌ని మాత్రం గీకకు.

తర్వాత వెయిట్ మూడు పౌండ్ల దగ్గర పెట్టు. చలిలో గ్లవ్స్‌తో వేటకి రెండు కన్నా తక్కువ వద్దు. ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) ఖాళీ అని వేలు పెట్టి చూసుకుని, బోల్ట్ విసురుగా ఓ ఇరవై సార్లు మూయి. కాక్ చేసి సేఫ్టీ వేసి ట్రిగ్గర్ నొక్కి వదులు, అప్పుడు సేఫ్టీ తియ్యి. పిన్ పడకూడదు. రబ్బరు సుత్తితో స్టాక్ మీద కొట్టినా పడకూడదు. ఒక్కసారి పడినా గన్‌స్మిత్ దగ్గరికే.

రూల్స్_రావు: గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లు కూడా న్యూయార్క్ లాంటి రాష్ట్రాలకి తీసుకెళ్లేటప్పుడు...

కేటీ_కుర్రాడు: ఎడమ పక్క సేఫ్టీ దగ్గర అంటుకుంది. రుద్దా, ఇప్పుడు పడట్లేదు. థాంక్స్. లిప్‌స్టిక్ సంగతి ఇంట్లో ఇంకా తెలీదు.

షూటర్_శీను: టికా టి3ఎక్స్ రైఫిల్‌కి ట్రిగ్గర్ స్ప్రింగ్ ఒక్కటే మారిస్తే సరిపోతుందా, మొత్తం ట్రిగ్గర్ మార్చాలా?