ఉగాది షీట్: దయచేసి ఎవరూ ముట్టుకోకండి

సునీత, సోమవారం రాత్రి 9:10
రేపు రాత్రి 8 కల్లా క్యాటరర్‌కి ప్లేట్ల లెక్క, అలర్జీల జాబితా ఇవ్వాలి. 21 శనివారానికి ఇంక ఐదు రోజులే. టాస్క్ లిస్టులో తోరణాలు, వేపపువ్వు, మైకు, పంచాంగ శ్రవణం పక్కన ఇంకా పేర్లు లేవు, నింపండి. అది అలా ఉంచి, రిజిస్ట్రేషన్ షీట్‌లో 41వ వరస చూడండి. మా ఎదురింటివాళ్ళ పేరు పక్కన "బాబుకి వేరుశెనగ పడదు" అని ఉంది. వాళ్ళకి ఇద్దరూ ఆడపిల్లలే!

మాధవి, 9:16
మాకు "డబ్బులు రాలేదు" అని చూపిస్తోంది. సంక్రాంతి రోజే ఇచ్చాను కదమ్మా.

కిరణ్, 9:24
పేర్ల కాలమ్ ఒక్కటే సార్ట్ అయింది. పేర్లు అక్షరక్రమంలోకి వెళ్ళిపోయాయి. ఫోన్లు, ప్లేట్లు, డబ్బులు, అలర్జీలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. 83 కుటుంబాలు కలగాపులగం. ఎవరి పని ఇది?

ప్రసాద్, 9:31
నాదే. డెస్క్ దగ్గర పేరు వెతకడం తేలికని పేర్లు సెలెక్ట్ చేసి సార్ట్ రేంజ్ నొక్కాను.

కిరణ్, 9:33
అన్నా, దీపావళికి కూడా... సర్లే, వదిలెయ్.

ప్రసాద్, 9:34
ఎందుకు వదలడం, పూర్తిగా అను. హాల్లో టేబుళ్ళు మోసేటప్పుడు మీ షీట్లు ఎక్కడుంటాయో కూడా చెప్పు.

మాధవి, 9:36
ఇద్దరూ ఆగండి. పులిహోరలో పల్లీలు వేస్తారు. ఆ బాబు ఎవరో ముందు తేల్చండి.

రవి, 9:40
వెర్షన్ హిస్టరీలోంచి వెనక్కి తిప్పేస్తే పోదా?

కిరణ్, 9:52
సార్ట్ అయింది గురువారం. ఆ తర్వాత ఫారం ద్వారా 11 కుటుంబాలు చేరాయి. రీస్టోర్ కొడితే అవీ పోతాయి. గురువారం ముందటి షీట్‌ని కాపీగా తీసి, ఆ 11 కుటుంబాల్ని దాని కింద అతికిస్తా. అసలు తలనొప్పి డబ్బులది. లక్ష్మి వదిన ఫోన్ నంబర్ చూసి టిక్కులు పెట్టిందా, పేరు చూసా?

లక్ష్మి, 10:05
కొన్ని అలా, కొన్ని ఇలా. బ్యాంకు స్టేట్‌మెంట్ పెడుతున్నా, నువ్వే చూసుకో. ఇంకో మాట. ఆ షీట్ లింకు ఉన్న ప్రతివాళ్ళూ ఎడిట్ చేయగలరు. పిల్లల అలర్జీలు ఆరోగ్య సమాచారం నాయనా, ఇక్కడి డేటా రక్షణ చట్టం యూకే జీడీపీఆర్‌లో దాన్ని మామూలు డేటాలా చూడరు. ముందు తాళం వెయ్యి.

కిరణ్, 10:41
తాళం వేశా. ఫోన్ నంబర్లతో స్టేట్‌మెంట్‌ని షీట్‌కి జతచేద్దామని వీలుకప్ ఫార్ములా పెడితే అన్నీ ఎన్ఏ, అంటే ఏదీ దొరకలేదు. స్టేట్‌మెంట్ సీఎస్‌వీ ఫైల్‌ని ఎక్సెల్‌లో తెరిచేసరికి 07తో మొదలయ్యే ఫోన్ నంబర్లలో ముందు సున్నా మింగేసింది. ఆ సున్నా మళ్ళీ అతికించా. అయినా 23 మంది డబ్బు పంపేటప్పుడు రెఫరెన్స్‌లో ఫోన్ నంబర్ బదులు "హ్యాపీ ఉగాది" అని రాశారు.

రవి, 10:48
ఇక చాల్లే తమ్ముడూ. 94 కుటుంబాలు, మనం ఆరుగురం. తలా 16 ఫోన్లు. ఎన్ని ప్లేట్లు, డబ్బులు ఎలా ఇచ్చారు, తిండిలో ఏం పడదు. అంతే అడుగుదాం.

ప్రసాద్, 10:55
నాకు పాతిక ఇవ్వండి, రేపు ఇంటి నుంచే పని. పరాభవ నామ సంవత్సరం గురువారం నుంచి అన్నారు, నాకు ఇవాళే మొదలైంది.

కిరణ్, 10:58
సారీ అన్నా. 2020లో ఇంగ్లండ్ ప్రజారోగ్య సంస్థలోనే పాత ఎక్సెల్ ఫైల్లో వరసలు నిండిపోయి 15,841 కోవిడ్ కేసులు లెక్కలోకి రాకుండా పోయాయి. మనవి 94. పొద్దున్నే మొదలుపెడదాం.

సునీత, మంగళవారం సాయంత్రం 7:38
పంపించేశా. 261 ప్లేట్లు. వేరుశెనగ పడనివాళ్ళు ముగ్గురు, షీట్‌లో ఇద్దరే ఉన్నారు. మూడో పాప సంగతి మాధవక్క అడిగితే తప్ప వాళ్ళమ్మ చెప్పలేదు. పులిహోర మొత్తం పల్లీలు లేకుండానే చేయమన్నా. తిట్టుకునేవాళ్ళు తిట్టుకోనీ.

లక్ష్మి, 7:45
నాలుగు కుటుంబాల డబ్బు ఇంకా తేలలేదు. గుమ్మం దగ్గర నేనే అడుగుతాలే. వేపపువ్వు సంగతి?

ప్రసాద్, 7:49
నేను ఫోన్ చేసినవాళ్ళలో ఒక పెద్దావిడ దగ్గర ఇండియా నుంచి తెచ్చుకున్న ఎండు పువ్వు ఉందట. డబ్బా ఇస్తానన్నారు. శుక్రవారం సౌతాల్ వెళ్ళి మామిడాకులు కూడా తెస్తా.

కిరణ్, 7:50
టాస్క్ లిస్టులో నీ పేరు రాయనా అన్నా?

సునీత, 7:50
షీట్ తెరవకు!